సొంతానికి చేయించుకున్న కత్తి



1965 డిసెంబరు నెల. చైనాలో హుబే రాష్ట్రం, జియాంగ్‌లింగ్ ప్రాంతం. ఒక జలాశయం నుంచి పొలాలకు నీళ్ళు తీసుకెళ్ళే కాలువ పని నడుస్తోంది. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట అక్కడికి దగ్గర్లోనే చూ అనే రాజ్యానికి రాజధాని ఉండేది. అందుకని పలుగు వేసిన చోటల్లా పాత సమాధులే. యాభైకి పైగా తేలాయి. వాటిలో వాంగ్‌షాన్ మొదటి నంబరు సమాధి పెద్దది. లోపల శవపేటికలో అస్థిపంజరం, దాని ఎడమ పక్కన నల్లని పూత పూసిన చెక్క ఒర. ఒరలోంచి కత్తి దూశారు.

అన్నేళ్ళు నీళ్ళలోనూ బురదలోనూ నానిన కంచు ఎలా ఉంటుందో తవ్వకాల వాళ్ళకి బాగా తెలుసు. ఒళ్ళంతా ఆకుపచ్చని చిలుము పట్టి, పట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతుంది. ఈ కత్తి అలా లేదు. పసుపుపచ్చని లోహం మెరుస్తోంది. దాని మీద నల్లని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ నిలువునా డైమండు గళ్ళు. వాదర ఇంకా పదునుగానే ఉంది. దొంతరగా పేర్చిన ఇరవై కాగితాలు ఒక్క వేటుకి తెగాయని చెప్పుకుంటారు.

రేడియోలో బొమ్మ చూపించలేను కనుక కొలతలు చెప్తాను. పొడవు 55.6 సెంటీమీటర్లు. మన లెక్కలో మూర మీద బెత్తెడు అనుకోండి. వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు. బరువు 875 గ్రాములు. సినిమాల్లో గుర్రం మీద రాజు ఊపే నిలువెత్తు ఖడ్గం కాదిది, నడుముకి కట్టుకుని చిన్న పడవలో కూడా ఇబ్బంది లేకుండా కూర్చోగలిగే కత్తి. పిడి చివర గుండ్రటి బిళ్ళ, ఆ బిళ్ళ లోపల ఒకదానిలో ఒకటిగా 11 సన్నని వలయాలు. పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండే కట్టులో ఒక వైపు నీలి గాజు, ఇంకో వైపు ఫిరోజా రాళ్ళు పొదిగారు.

పిడికి దగ్గరగా అలుగు మీద రెండు వరుసల్లో ఎనిమిది అక్షరాలున్నాయి. అవి మామూలు చైనా అక్షరాలు కావు. ఒక్కో గీతకి పిట్ట తలో రెక్కో తోకో తగిలించి రాసే అలంకార లిపి, పక్షి లిపి అంటారు. ఆరు అక్షరాలు త్వరగానే తెలిసిపోయాయి. యువే రాజు ఫలానా, సొంత వాడకానికి చేయించుకున్న కత్తి అని భావం. తేలనిది ఆ ఫలానా ఎవరన్నదే. యువే రాజ్యాన్ని చాలామంది రాజులు ఏలారు. గువో మోరువో, టాంగ్ లాన్ వంటి హేమాహేమీలైన పండితులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుంటూ వాదించుకున్నారు. రెండు నెలలకి పైగా పట్టింది. చివరికి తేలిన పేరు గౌజ్యెన్. క్రీ.పూ. 496 నుంచి 465 వరకు యువేని ఏలిన రాజు, చైనాలో బడిపిల్లలకి కూడా తెలిసిన రాజు.

అంత తెలిసిన పేరు చదవడానికి అంత ఆలస్యమెందుకంటే, గ్రంథాల్లో ఆ పేరు రాసే అక్షరాలు వేరు, కత్తి మీదివి వేరు. యువే ప్రజల భాష చైనీస్ కాదు. వాళ్ళ పేర్లను ఉత్తరాది లేఖకులు తమ చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. యువే వాళ్ళు తమకి తోచినట్టు రాసుకున్నారు.

సరే, సొంతానికి చేయించుకున్నాడు. మరి యువే రాజధాని ఉన్న చోటు ఇప్పటి జెజియాంగ్ రాష్ట్రంలోని షావోషింగ్, తూర్పు సముద్రతీరానికి దగ్గర. కత్తి దొరికింది అక్కడికి పడమరగా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, పరాయి రాజ్యంలో, పరాయి మనిషి పక్కన. ఈ కత్తి గురించి రాసేవాళ్ళంతా దాని మెరుపు చూసి మురిసిపోతారు. నాకు మాత్రం దాని ప్రయాణమే ఎక్కువ ఆసక్తి. ఆ రోజుల్లో యాంగ్‌ట్సీ నది కింది దేశాల్లో కత్తి దూసిన కథల కంటే ఒకరు ఇంకొకరి చేతిలో పెట్టిన కథలే బరువైనవి. ఆ కథల్లోకి వెళ్ళే ముందు, ఇలాంటి కత్తి చేసినవాళ్ళెవరో చూద్దాం.

ఉత్తరాన పసుపు నది పరీవాహకంలో ఉన్న రాజ్యాల వాళ్ళకి యువే అంటే అనాగరికుల దేశం. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటారనీ, ఒంటి నిండా పచ్చబొట్లు పొడిపించుకుంటారనీ తమ గ్రంథాల్లో ఎకసెక్కంగా రాసుకున్నారు. నిజానికి అది వాగులూ మడుగులూ చిత్తడినేలలూ నిండిన సీమ. వరి పండించే జనం, పడవలే బండ్లుగా బతికిన జనం. ఉత్తరాది రాజులు కంచుతో పెద్ద పెద్ద పూజాపాత్రలూ గంటలూ పోయించి తమతో పాటు పాతిపెట్టించుకునేవారు. యువే పెద్దల సమాధుల్లో అవే ఆకారాలు మట్టితో చేసి, మెరుగు పూసి, కాల్చినవి దొరుకుతాయి. హోంగ్‌షాన్ అనే చోట 2003 తర్వాత తవ్విన యువే సమాధుల్లో మట్టి గంటలే వరసలు వరసలుగా బయటపడ్డాయి. వాయిస్తే సరిగ్గా మోగని గంటలు! కంచుకి వాళ్ళు పెట్టుకున్న పని వేరు. కొడవళ్ళు, పారలు, నాగలి కర్రులు, ఆ తర్వాత కత్తులు. పొలానికీ పోరుకీ కంచు, దేవుడికి మట్టి. ఎవరు అనాగరికులో నాకైతే చెప్పడం కష్టం.

షావోషింగ్ దగ్గర యిన్‌షాన్ అనే గుట్ట మీద 1990ల్లో ఒక రాజసమాధి తవ్వారు. పెద్ద పెద్ద దుంగలు రెండు వైపుల నుంచి ఏటవాలుగా ఆనించి, పూరిపాక కప్పులా ముక్కోణంగా కట్టిన గది. మధ్యలో ఒకే మాను తొలిచి చేసిన శవపేటిక, ఆరు మీటర్ల పొడవు. అది గౌజ్యెన్ తండ్రిదని చాలామంది పండితుల అభిప్రాయం. దొంగలు ముందే పడి ఊడ్చుకుపోవడంతో కత్తులేమీ మిగల్లేదు.

కత్తి యువే వాళ్ళ చేతుల్లోనే ఎందుకు ఇంతగా రాటుదేలిందంటే, నేలను బట్టి. ఉత్తరాన యుద్ధమంటే రథాల యుద్ధం. రథం మీంచి పక్క రథంలోని వాణ్ణి కొట్టాలంటే పొడుగాటి కర్రకి అడ్డంగా బిగించిన కొక్కెం లాంటి ఆయుధం కావాలి, చేతికత్తి పనికిరాదు. దక్షిణాన రథం బురదలో కూరుకుపోతుంది. కాలినడకన, మోకాలి లోతు నీళ్ళలో, పడవ అంచు మీద మనిషికి మనిషి ఎదురుపడే పోరాటం. అక్కడ చేతిలో పొట్టి కత్తి ఉన్నవాడిదే పైచేయి.

ఇక లోహం. కంచు అంటే రాగి, తగరం కలిసిన మిశ్రమం. తగరం పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, పదును నిలుస్తుంది, దాంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. ఇది మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి జారితే ఇత్తడి గిన్నె సొట్ట పోతుంది, కంచు గిన్నె పగులుతుంది. కత్తికి ఆ రెండు గుణాల్లో ఏదీ పూర్తిగా సరిపోదు. మెత్తగా ఉంటే మొదటి దెబ్బకే వంగుతుంది, గట్టిగా ఉంటే రెండో దెబ్బకి విరుగుతుంది.

యువే, దాని పొరుగున ఉన్న వూ రాజ్యాల కంచరులు దీనికొక దారి కనిపెట్టారు. తగరం తక్కువ వేసిన కంచుతో ముందు నడిమి వెన్ను పోత పోస్తారు. దాని అంచుల వెంట గాడి ఉంచుతారు. అది చల్లారాక ఇంకో మూసలో పెట్టి, తగరం ఎక్కువున్న కంచు రెండు పక్కలా పోస్తారు. కరిగిన లోహం గాడిలోకి దిగి పట్టేస్తుంది. వెన్ను దెబ్బను ఓర్చుకుంటుంది, అంచు కోస్తుంది. ఇలాంటి జంట పోత కత్తులు ఆ సీమలో చాలా దొరికాయి. వెన్నులో పదో వంతు తగరం, అంచులో దాదాపు ఐదో వంతు. గమనించండి, ఇదంతా పోత పని. కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టింది కాదు, మట్టి మూసల్లో పోసి తర్వాత సాన పట్టింది. పిడి బిళ్ళలో ఆ 11 వలయాల మధ్య ఖాళీలు చూస్తే, ఆ మట్టి మూస చేసిన వేళ్ళు ఎలాంటివో అనిపిస్తుంది.

ఆ వేళ్ళు ఎవరివో కత్తి మీద లేదు. కథల్లో మాత్రం ఓ యెజి అనే కంచరి ఉన్నాడు. కొండ చీలి తగరం ఇచ్చిందట, వాగు ఎండి రాగి ఇచ్చిందట, ఉరుములు కొలిమితిత్తి ఊదాయట. అంత పని చేసిన మనిషికి ఒక్క అక్షరం దక్కలేదు. ఎనిమిది అక్షరాలూ చేయించుకున్నవాడివే.

మెరుపు సంగతి కూడా తేల్చేద్దాం, లేకపోతే ఉత్తరాలు రాస్తారు. కత్తికి క్రోమియం పూత ఉందనీ, ఇరవయ్యో శతాబ్దపు రహస్యం చైనా వాళ్ళకి అప్పుడే తెలుసనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ అసలు మొదలైంది వేరే ఆయుధాల దగ్గర, చైనా మొదటి చక్రవర్తి మట్టి సైనికుల పక్కన దొరికిన కంచు ఆయుధాల దగ్గర. అక్కడి క్రోమియం కూడా ఉద్దేశపూర్వకంగా పూసింది కాదనీ, పక్కనున్న చెక్క భాగాల మీది పూతలోంచి అంటిందనీ 2019లో ఒక పరిశోధన చూపించింది. గౌజ్యెన్ కత్తిని 1977లో షాంఘైలోని ఫూదాన్ విశ్వవిద్యాలయంలో, గీత కూడా పడకుండా, కణాల పుంజంతో పరీక్షించారు. రాగి, తగరం, కాస్త సీసం, ఇనుము కనిపించాయి. నల్ల గళ్ళ దగ్గర గంధకం కూడా. ఆ గంధకం కంచరి పూసినదేనని కొందరు, సమాధిలో కుళ్ళిన వస్తువుల నుంచి వచ్చిందని కొందరు. నా మటుకు నేను ఎక్కువ పుణ్యం బురదకి కట్టబెడతాను. ఒరలో బిగుతుగా కూర్చున్న కత్తి, చుట్టూ గాలి చొరని మట్టి, పైదాకా నిండిన నీరు. ఆక్సిజన్ లేని చోట చిలుము ఎక్కడి నుంచి వస్తుంది? అంతే చక్కగా పోసిన యువే కత్తులు వేరే చోట్ల చిలుము పట్టి దొరికాయి మరి.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. యువేకి ఉత్తరాన వూ రాజ్యం. ఇద్దరివీ ఒకే రకం ఆచారాలు, ఒకే రకం కత్తులు, ఇరుగుపొరుగు పగ. వూ రాజకుమారుడు జీజా కథ ముందు చెప్పాలి. క్రీ.పూ. 544లో అతను రాయబారిగా ఉత్తరాదికి వెళ్తూ దారిలో షూ అనే చిన్న రాజ్యంలో ఆగాడు. అక్కడి దొరకి జీజా నడుమునున్న కత్తి మీద మనసు పడింది, నోరు తెరిచి అడగలేదు. జీజాకి అర్థమైంది. రాయబారానికి కత్తి లేకుండా వెళ్ళకూడదు, తిరుగు దారిలో ఇద్దామనుకున్నాడు. తిరిగి వచ్చేసరికి దొర చనిపోయాడు. జీజా ఆ సమాధి దగ్గరున్న చెట్టుకి కత్తి తగిలించి వెళ్ళిపోయాడు. పోయినవాడికి ఎందుకని పక్కవాళ్ళు అడిగితే, మనసులో ఎప్పుడో ఇచ్చేశాను కదా అన్నాడట.

అదే వంశంలో ఇంకో కత్తి ఇలా కాదు. జీజా అన్న కొడుకు హొలూకి సింహాసనం కావాలి. క్రీ.పూ. 515లో ఒక విందులో, వండిన చేప కడుపులో బాకు దాచి, వడ్డించేవాడిగా వెళ్ళిన మనిషి చేత రాజుని పొడిపించాడు. అలా రాజైన హొలూ 496లో యువే మీదికి దండెత్తాడు. గౌజ్యెన్ అప్పుడే గద్దెనెక్కిన కుర్రవాడు. అతను చేసిన పని వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మరణశిక్ష పడిన ఖైదీలను మూడు వరసల్లో ముందుకి నడిపించాడు. వాళ్ళు శత్రువుల ఎదుట నిలబడి తమ మెడల మీద కత్తులు పెట్టుకుని తామే కోసుకున్నారు. వూ సైనికులు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా యువే సేన విరుచుకుపడింది. హొలూకి కాలి బొటనవేలు తెగింది, ఆ గాయంతోనే పోయాడు.

కొడుకు ఫూచాయ్ పగ తీర్చుకోవడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు. 494లో గౌజ్యెన్ ఐదు వేల మందితో క్వైజీ కొండ మీద ఇరుక్కుపోయాడు. మంత్రి వెన్ జోంగ్ కాళ్ళ బేరానికి వెళ్ళి రాజు ప్రాణం దక్కించాడు. వూ మంత్రి వూ జిషు మాత్రం ఇప్పుడే చంపమని మొత్తుకున్నాడు. ఫూచాయ్ వినలేదు. గౌజ్యెన్ వూ రాజు కొలువులో చాకిరీ చేశాడు, తర్వాత ఇంటికి వచ్చి కూర్చునే చోట జంతువు పిత్తాశయం ఒకటి వేలాడదీసుకుని, తిండికి ముందు ఆ చేదు నాకుతూ, క్వైజీ అవమానం మరిచిపోయావా అని తనని తనే ప్రశ్నించుకునేవాడని క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ముళ్ళకంపల మీద పడుకోవడం తరవాతి వాళ్ళు చేర్చిన హంగు. అందగత్తె షీ షిని ఫూచాయ్ అంతఃపురానికి పంపిన కథ, అప్పు తెచ్చిన ధాన్యాన్ని ఉడకబెట్టి విత్తనాలుగా తిరిగిచ్చిన కథ కూడా అలాంటివే. వరి పండించే జనానికి ఉడకబెట్టిన విత్తనం కంటే పెద్ద కుట్ర తట్టదు, అందుకే ఆ కథ నాకు ఇష్టం.

వూ జిషు నిజం చెప్తూనే ఉన్నాడు. 484లో ఫూచాయ్ అతనికి ఒక కత్తి పంపించాడు. పంపినదానికి అర్థం ఒకటే, నువ్వే కానిచ్చుకో అని. ముసలాయన చచ్చిపోతూ, నా కళ్ళు పీకి నగరం తూర్పు ద్వారానికి వేలాడదీయండి, యువే సేన లోపలికి వచ్చేటప్పుడు చూసుకుంటాను అన్నాడట. 473లో యువే సేన వచ్చింది. ఫూచాయ్ మొహానికి గుడ్డ కప్పుకుని ప్రాణం తీసుకున్నాడు, పైలోకంలో వూ జిషు మొహం చూడలేక.

కథ ఇక్కడితో అయిపోతే గౌజ్యెన్ వీరుడిగా మిగిలేవాడు. కాలేదు. గెలుపు తర్వాత ఫాన్ లీ అనే మంత్రి రాజు స్వభావం పసిగట్టి, మూటాముల్లె సర్దుకుని పడవెక్కి వెళ్ళిపోయాడు. పేరు మార్చుకుని పెద్ద వ్యాపారి అయ్యాడంటారు. నువ్వూ వెళ్ళిపో అని వెన్ జోంగ్‌కి కబురు చేశాడు. వెన్ జోంగ్ కదల్లేదు. కొండ మీద రాజు ప్రాణం కాపాడింది ఈయనే. గౌజ్యెన్ ఆయనకి ఒక కత్తి పంపించాడు. వూని ఓడించడానికి నువ్వు ఏడు ఉపాయాలు చెప్పావు, మూడే వాడాను, మిగిలిన నాలుగూ మా నాన్న దగ్గరికి వెళ్ళి ఆయనకి పనికొచ్చేలా చూడు అని కబురు. ఆ నాన్న చనిపోయి ఏళ్ళయింది. ఓడించిన ఫూచాయ్ దగ్గర గౌజ్యెన్ నేర్చుకున్నది ఇదే కాబోలు.

ఆ పంపిన కత్తి, ఈ వాంగ్‌షాన్ కత్తి ఒకటేనని ఎవరూ అనడం లేదు. ఇది చూ రాజ్యానికి ఎలా చేరిందన్న దానికి రెండు వాదాలున్నాయి. గౌజ్యెన్ కూతురు చూ రాజుని పెళ్ళాడింది, ఆమె కొడుకు తర్వాత చూ సింహాసనం ఎక్కాడు. కాబట్టి కత్తి సారెతో పాటు వెళ్ళి ఉండొచ్చు. లేదా, క్రీ.పూ. 4వ శతాబ్దం చివరి భాగంలో చూ సేనలు యువేని దెబ్బతీసినప్పుడు దోపిడీ సొమ్ముగా వచ్చి ఉండొచ్చు. నేను సారె వైపే మొగ్గుతాను. సమాధి ఆ శతాబ్దం మధ్యనాటిది అనుకుంటే, దోపిడీ లెక్క సరిగా కుదరదు.

సమాధిలోని మనిషి వీరుడేమీ కాదు. పక్కన వెదురుబద్దల మీద రాసిన పత్రాలు దొరికాయి. చూ రాజవంశానికి చెందిన యువకుడు, జబ్బు మనిషి. ఛాతీ నొప్పి, అన్నం సయించకపోవడం, ఏ దేవతకి ఏ బలి ఇస్తే తగ్గుతుందని జ్యోతిష్కుల్ని అడగడం, రాజు కొలువులో తనకి మంచి రోజులొస్తాయా అని ఆరా, ఇవీ ఆ వెదురుబద్దల్లోని విషయాలు. రాలేదనే అనుకోవాలి, ముప్పై దాటకుండానే పోయాడు. వందేళ్ళకి పైబడిన కత్తి అతని పక్కన పెట్టారు.

అదే జియాంగ్‌లింగ్ ప్రాంతంలో, మాషాన్ అనే చోట 1983లో ఇంకో చూ సమాధి తవ్వితే కంచు బల్లెపు మొన ఒకటి దొరికింది. దాని మీద కూడా అక్షరాలున్నాయి. వూ రాజు ఫూచాయ్ సొంత వాడకానికి చేయించుకున్నది. ఇప్పుడు రెండూ వూహాన్ నగరంలో హుబే రాష్ట్ర మ్యూజియంలోనే ఉన్నాయి. 

కత్తి ఆఖరిసారి చెయ్యి మారింది 1994లో. సింగపూర్‌లో ప్రదర్శనకి అరువుగా పంపించారు. ప్రదర్శన అయ్యాక పెట్టెలోంచి తీస్తుండగా పనివాడి చేతిలో అంచు పెట్టెకి తగిలి, 7 మిల్లీమీటర్ల పగులు పడింది. అన్ని యుద్ధాలూ, అంత బురదా చేయని పని అది. ఆ తర్వాత చైనా దాన్ని దేశం దాటనివ్వలేదు. 2013లో విదేశీ ప్రదర్శనలకి పంపకూడని వస్తువుల జాబితాలో అధికారికంగా చేర్చింది. ఎవరికైనా చూడాలనుంటే వూహాన్ వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు గాజు పెట్టె ముందు మెరుపు చూసి కదిలిపోకుండా, కాస్త వంగి పిడి బిళ్ళలోని వలయాలు లెక్కపెట్టండి.